సమ్మె నాటి కోత పండుగ

పోయిన ఆదివారం మా సంఘంలో కోత పండుగ చేశారు. నగరంలో ఎవరికీ పొలాలు లేవు కనుక అందరూ దుకాణంలో కొన్న పండ్లే తెచ్చి బల్ల మీద పేర్చారు. ప్రార్థనలో పెద్దవాళ్ళు కళ్ళు మూసుకున్న సమయం చూసి మా నాలుగేళ్ళ వాడు మెల్లగా ముందుకు వెళ్ళాడు. ఆపిల్ పండ్ల మీది స్టిక్కర్లన్నీ ఒలిచి నుదుటికీ బుగ్గలకీ అంటించుకొని, తిరిగొచ్చి నా పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. "ఆమెన్" అని కళ్ళు తెరిచి వాణ్ణి చూసేసరికి నాకు నవ్వు ఆగలేదు. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆ తరువాత అయ్యగారు ఏం బోధించారో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నా మనసు అప్పటికే గోదావరిఖని బస్సెక్కి కూర్చుంది.

మేమున్న కాలనీ ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ వచ్చి మా వరుసలన్నిటినీ కలుపుకుపోయింది. నేను మళ్ళీ వెళ్ళి ఆ గుంతను చూడలేదు. చూడలేదు కాబట్టే ఆ కాలనీ నా లోపల ఇంకా చెక్కు చెదరకుండా ఉంది. ఒకదాని పక్కన ఒకటి కంపెనీ క్వార్టర్లు. తెల్లవారితే ప్రతి పెరట్లోంచీ లేచే బొగ్గు పొయ్యి పొగ, దానిలో కలిసిపోయి వచ్చే ఎల్లిగడ్డ పోపు వాసన. మధ్యాహ్నం ఎక్కడో దూరాన బ్లాస్టింగ్ జరిగితే అలమరలో స్టీలు గిన్నెలు గలగలమనేవి. ఊళ్ళనుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు హడలిపోయి లేచి నిలబడితే మేం పిల్లలం కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళం.

మా చర్చి చివరి వరుస దాటాక ఉండేది. రేకుల కప్పు. వానపడితే పాట వినబడదు, ఎండ కాస్తే బోధ ఎక్కదు. గోడలకు సున్నం వేసిన కొన్నాళ్ళకే బొగ్గు దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగేవి. సంఘంలో ఉన్నవాళ్ళందరూ గని కార్మికులే. కమాన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి గనుల్లో దిగినవాళ్ళు. పొలాలు వదిలి వచ్చారు గానీ కోత పండుగ మీద మోజు వదల్లేదు. వానలు తగ్గుముఖం పట్టాక వచ్చే ఒక ఆదివారం, ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెట్టాలి. అందుకోసం ప్రతి క్వార్టరు వెనక ఉన్న ఆ కాస్త జాగాలోనే బీర, చిక్కుడు, బొప్పాయి, నిమ్మ. మా ఇంట్లో గుమ్మడి తీగ. అది స్నానాల గది రేకు మీదికి పాకి, అక్కడే దర్జాగా కాపు కాసేది. మొదటి కాయ పిందె పడగానే బాపమ్మ కింద నిలబడి వేలు చూపించి చెప్పేది.

"అది దేవునిది. ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు."

బాపమ్మ అంటే మా బాపును, అంటే నాన్నను, కన్న తల్లి. చదువు రాదు. కీర్తనలు మాత్రం మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా నోటికి వచ్చు. పొడుగ్గా, ఎండిన తుమ్మ మొద్దులా గట్టిగా ఉండేది. ఆమె పెట్టిన ఒక పద్ధతి మా ఇంట్లో ఉండేది. పొద్దుగూకాక అందరం పళ్ళేల ముందు కూర్చున్నాక, ముద్ద నోట్లో పెట్టే ముందు ప్రతి ఒక్కరూ ఆ రోజు దేనికి దేవునికి స్తోత్రం చెబుతారో చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. "పాణం మంచిగున్నది", "అన్నం దొరికింది" లాంటివి మేము మొదటి వారంలోనే ఖర్చు చేసేశాం. ఇక రోజూ కొత్తది వెతుక్కోవాలి. నేను బడిలో ఉన్నంతసేపూ ఇదే వెతుకులాట. దారిలో పాలపిట్ట కనబడితే గబుక్కున దాచుకునేదాన్ని, రాత్రి అన్నానికి పనికొస్తుందని. తమ్ముడు మాత్రం ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పట్టుకొచ్చేవాడు.

"లెక్కల సారు ఇయ్యాల బడికి రాలే. స్తోత్రం."

"సారుకు జెరమొచ్చిందేమో రా, గట్లనొద్దు" అని కసిరి, బాపమ్మ కొంగు చాటున నవ్వుకునేది.

ఈ నియమం ఒక్క మనిషికి వర్తించేది కాదు. బాపు. గనిని మా వాళ్ళు బాయి అంటారు. బాపు బాయి లోపల పైకప్పుకు దుంగలు ఆనించే పని చేసేవాడు. రోజూ ఆయన చెప్పేది ఒకటే మాట. "బాయిలకెల్లి పైకొచ్చిన. స్తోత్రం." బాపమ్మ ఎప్పుడూ అడ్డుచెప్పలేదు. తమ్ముడు ఒకసారి, "బాపు రోజు గదే చెప్తడు, మరి మాకెందుకు నడువది?" అని గొడవకు దిగాడు. ఎప్పుడూ మెత్తగా ఉండే అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది.

మా తాత అదే బాయిలో కప్పు కూలి పోయాడు. బాపుకు తాత ఉద్యోగమే వచ్చింది.

ఒకరోజు బాపమ్మ గోంగూర ఒలుస్తుంటే పక్కన కూర్చొని అడిగాను.

"బాపమ్మా, తాత పోయిన దినం నువ్వు దేనికి స్తోత్రం చెప్పినవు?"

ఆమె చేతులు ఆగలేదు. "ఆ దినం చెప్పలే బిడ్డా. శాన దినాలు చెప్పలే. ఆయన ఓపిక పట్టిండు."

ఆయన అంటే దేవుడని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆ ఏడు సమ్మె వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని అందరూ ఎక్కడి పనులు అక్కడ వదిలేసి రోడ్లమీదికి వచ్చిన సమ్మె. బడులు బంద్. బస్సులు బంద్. బాయిలు బంద్. మాకేం తెలుసు, పిల్లలం. మాకది జీవితంలో వచ్చిన అతిపెద్ద జాతర. పొద్దున లేస్తే డప్పులు. చౌరస్తాలో టెంట్లు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఒక టెంటు దగ్గర పులిహోర తిని, మూతి తుడుచుకొని, ఇంకో టెంటు దగ్గర ఉప్మాకు వరుసలో నిలబడేవాళ్ళం. తమ్ముడి గొంతు నినాదాలకు బొంగురుపోయి బాతులా అయింది. సాయంత్రాలు ఆడవాళ్ళు రోడ్డుమీదే బతుకమ్మలు ఆడేవారు. ఎదురు వరుస అక్కలు గుమ్మడిపూల కోసం మా ఇంటికి వచ్చేవారు.

"బాపమ్మా, గౌరమ్మకు పువ్వు కావాలె, ఇస్తవా?"

"తెంపుకొని పోండ్రి. కాయ మాత్రం ముట్టకుండ్రి, అది మా దేవునిది" అనేది బాపమ్మ.

మొదట్లో బాపు కూడా హుషారుగానే ఉన్నాడు. పట్టపగలు బాపు ఇంట్లో ఉండటం మాకు పెద్ద వింత. కోళ్ళ గూటికి కొత్త తలుపు పెట్టాడు. తమ్ముడికి టైరు దొర్లించడం నేర్పాడు. కానీ జీతం రావాల్సిన దినం వచ్చి వెళ్ళిపోయింది, జీతం రాలేదు. టీలో పాలు మాయమయ్యాయి. అన్నం పోయి మొక్కజొన్న రవ్వతో కాచే మక్క గట్క వచ్చింది. పక్క క్వార్టరులో మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒకామె, భర్త మోటారు మెకానిక్కు, బండ్లు తిరగక వాళ్ళకూ పని లేదు, అయినా ఒకరోజు గిన్నెలో ఖిచిడీ తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. మరునాడు అమ్మ అదే గిన్నెలో గోంగూర పప్పు పోసి పంపింది. ఆ గిన్నె ఎవరిదో చివరికి ఎవరికీ తెలియకుండా పోయింది.

అన్నాల దగ్గర మా స్తోత్రాల ఆట మాత్రం ఆగలేదు. "ఇయ్యాల రెండు టెంట్లల్ల తిన్న, స్తోత్రం" అనేవాడు తమ్ముడు. బాపు వంతు వచ్చేది. బాపు బాయిలో దిగడం లేదు, ఇక పైకి రావడమెట్లా? ఆయనకు ఇంకో మాట అలవాటు లేదు. పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయేవాడు.

"ఏం లేదవ్వా" అన్నాడు ఒక రోజు.

బాపమ్మ బలవంతపెట్టలేదు. "సరే, తిను" అంది.

కోత పండుగ దగ్గర పడింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు అందరినీ కూర్చోమన్నాడు. సన్నటి మనిషి, సైకిల్ మీద తిరిగేవాడు, ఆయన ఇంట్లోనూ గట్కే అని అందరికీ తెలుసు.

"ఈ యేడు పండుగ చేద్దామా? మీరే చెప్పుండ్రి" అన్నాడు.

సంఘ పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "వచ్చే యేడు రెండింతలు చేద్దాం అయ్యా. ఏటేటా తెచ్చినయి వేలం పెడుతం. ఈసారి పాడెటోళ్ళెవరున్నరు?"

చాలామంది తలూపారు. వెనక గోడకానుకొని ఉన్న బాపు అప్పుడు లేచాడు. సంఘంలో ఆయన నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇండ్లల్ల పొయ్యి ఎలుగుతలేదు. దేనికని స్తోత్రం చెప్పాలె అయ్యా? లేనిదానికి చెప్పాల్నా?"

ఆడవాళ్ళ వైపు నుంచి బాపమ్మ లేచింది. ఇంట్లో వేరు, ఇక్కడ అందరి ముందూ తల్లీకొడుకులు!

"కడుపు నిండినంక వచ్చేది తేన్పు రా కొడుకా. స్తోత్రం అంతకు ముందుగాల్నే రావాలె."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఆడవాళ్ళ వరుసలన్నిటికీ పాకింది. బాపు ముఖం కందగడ్డ అయింది.

"అట్లనా? అట్లయితే తెచ్చినయన్ని బాయి గేటు కాడ గంజులల్ల వండి, సమ్మెల కూసున్నోళ్ళందరికి పెట్టుండ్రి! సూద్దాం మీ పండుగ!" అని అరిచి బయటికి నడిచాడు.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు రావడం నేను చూశాను.

"ఆగు తమ్మీ! మంచి మాట చెప్పినవు. గట్లనే చేద్దాం!"

బాపు గడపలో ఆగిపోయాడు. "నేను కోపంల అన్న అయ్యా."

"కోపంల అంటే మాత్రం? మాట మంచిదే కద!"

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మా ఇంట్లో బియ్యం ఇన్నున్నాయని ఒకరు, మా బావ దగ్గర పెద్ద గంజులున్నాయని ఇంకొకరు. బాపు మాత్రం, తను విసిరిన రాయి తిరిగొచ్చి తన చేతిలోనే పడ్డట్టు, గడప మీద అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఆ తరువాతి రోజుల్లో మా సంబరం చెప్పనలవి కాదు. రోజూ ఇంటింటికీ వెళ్ళి ఎవరి కాయ ఎంత పెరిగిందో చూసి వచ్చేవాళ్ళం. ఎక్కడ చూసినా మా గుమ్మడికాయకు సాటి లేదు. తమ్ముడు రెండు చేతులూ చాచి కౌగిలించుకున్నా అందేది కాదు. పండి, తేనె రంగుకు తిరిగింది.

ఒక పొద్దున లేచి చూస్తే కాయ లేదు.

రేకు మీద కాయ కూర్చున్న గుండ్రటి మరక మాత్రం ఉంది. తమ్ముడు వేసిన కేకకు ఖాలా గోడ మీదుగా తల పెట్టింది. "క్యా హువా బేటా?"

"దేవుని గుమ్మడికాయ ఎవలో ఎత్తుకపోయిండ్రు ఖాలా!"

"తౌబా తౌబా!" అంది ఖాలా చెంపలు వేసుకుంటూ.

అమ్మ నీళ్ళకు పోయింది, బాపు టెంటు దగ్గర ఉన్నాడు, బాపమ్మ కనబడలేదు. ఇంకేముంది, నేనూ తమ్ముడూ దొంగను పట్టుకోవడానికి బయలుదేరాం. తడి మట్టిలో అడుగుల కోసం వెతికాం. కోడి అడుగులు తప్ప ఏమీ దొరకలేదు. కాలనీ దాటి, మురికి కాలువ మోరీ అవతల కాంట్రాక్టు పనివాళ్ళ గుడిసెల వైపు వెళ్ళాం. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళకు మామూలు రోజుల్లోనే అంతంత మాత్రం, సమ్మెలో వాళ్ళను అడిగినవాడు లేడు. ఒక గుడిసె ముందు గోనెసంచి మీద గుమ్మడి గింజలు ఆరబోసి ఉన్నాయి. తెల్లగా, ఇంకా తడిగా.

తమ్ముడు నా చెయ్యి గట్టిగా గిల్లాడు. గుడిసెలోంచి ఒక బాలింత పిల్ల వచ్చింది. భుజాన గుడ్డు లాంటి పసికందు.

"ఏంది పిల్లలూ?"

తమ్ముడు పోలీసు గొంతు పెట్టాడు. "గా గింజలు యాడియి?"

"మీ బాపమ్మ పొద్దుగాల్నే కాయ తెచ్చి కోసిచ్చింది. గింజలు దాసుకొని తీగ పెట్టుకొమ్మన్నది" అందామె నవ్వుతూ. "బెల్లం ఏసి వండిన. తింటరా?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బెల్లంతో ఉడికిన గుమ్మడి వాసన గుడిసెలోంచి తోసుకొని వస్తోంది. తిన్నాం. ఆమె ముందు పెట్టినదంతా తినకుండా, చెరో ముక్క. తిరిగి వచ్చేటప్పుడు దారంతా తమ్ముడికి ఒకటే బెంగ. "అక్కా, దేవునిది తిన్నం. కడుపుల నొప్పి లేస్తదా?"

ఇంట్లో బాపమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. "దొంగ దొరికిందా?" అంది మమ్మల్ని చూసి.

"అది దేవునిది కద బాపమ్మా! నువ్వే అన్నవు!"

"ఆయనకే ఇచ్చిన. ఆదివారం దాక ఆగుమంటే ఆ పసిపిల్ల కడుపు ఆగుతదా?"

సాయంత్రం అన్నాల దగ్గర మా దొంగతనం విచారణ అంతా తమ్ముడు ఆడి చూపించాడు. కోడి అడుగుల దగ్గర నుంచి మొదలుపెట్టి, పోలీసు గొంతు దాకా. బాపు నవ్వాడు. గట్క పొలమారి, దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వాడు. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. ఆ రోజు నా స్తోత్రం అప్పటికే చెప్పేశాను, లేకపోతే అదే చెప్పేదాన్ని.

పండుగ పొద్దున అందరూ తలలమీద గంపలతో చర్చికి కదిలారు. దోసకాయలు, జామకాయలు, ఒక కట్ట తోటకూర, మట్టి అంటిన చామదుంపలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. మాకు తీసుకుపోవడానికి ఏమీ లేదు. నేను ముఖం మాడ్చుకున్నాను. ఇన్ని నెలలు కాపలా కాసింది మేము, ఇవాళ వట్టి చేతులు ఊపుకుంటూ పోయేదీ మేమే. "చేతులున్నయి కద, జోడించుండ్రి" అంది బాపమ్మ, తెల్ల చీర కొంగు తలమీదికి లాక్కుంటూ.

బాపు మాతో బయలుదేరలేదు. "నడువుండ్రి, వస్త" అని పెరట్లోకి వెళ్ళాడు.

మొదటి పాట సగంలో ఉంది. డోలక్ జోరందుకుంది. గడప వైపు కూర్చున్నవాళ్ళు ఒకరొకరే పాట ఆపి తిరిగి చూస్తున్నారు. నేనూ చూశాను. బాపు. ఉతికిన తెల్ల అంగీ, భుజాన గంప. గంప నిండా బొగ్గు. మా బాపమ్మ గ్యాసు వచ్చినా వదలని పెరటి పొయ్యి కోసం దాచుకున్న బొగ్గు. అంగీ భుజం అప్పటికే నల్లబడింది.

బల్ల దాకా నడిచి వచ్చాడు. అక్కడ ఆగాడు. బల్ల మీద అమ్మగారు, అంటే మా అయ్యగారి భార్య, తన చేత్తో అల్లిన తెల్లటి గుడ్డ. ఏటా ఈ ఒక్క రోజుకే పెట్టెలోంచి తీసేది.

"అయ్యా, మా చేను భూమి కింద ఉన్నది" అన్నాడు బాపు. "మా పంట గిదే."

అయ్యగారు గుడ్డ వైపు చూశాడు, బొగ్గు వైపు చూశాడు. ఆయన నోరు తెరిచేలోపే అమ్మగారు లేచి వచ్చింది. బొప్పాయిలను అటు జరిపింది, జామకాయలను ఇటు జరిపింది. గుడ్డ నడిమధ్య తావు చేసి, గంపలోంచి మొదటి గడ్డను తనే రెండు చేతులా తీసి పెట్టింది.

అంతే! మగవాళ్ళ వరుసల్లో ఒక కదలిక. ఒకాయన లేచి బయటికి పరుగెత్తాడు. అతని వెనక ఇంకొకరు. పాట అయ్యేలోపు చర్చి గుమ్మంలో బొగ్గు గంపలు బారులు తీరాయి. బంతిపూలు, జామపండ్లు, బొగ్గు కలిసిన ఆ వాసన నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. పాడుతున్నామో అరుస్తున్నామో తెలియనంతగా పాడాం. బాపు నల్లటి చేతులతో తాళం వేస్తున్నాడు. నేను చూస్తూ చూస్తూ పాట మరిచిపోయాను.

ఆ తరువాత ఊరేగింపే. గంపలు, గంజులు, డోలక్, కోడిపుంజు, మేము. బాయి గేటు ముందు రోడ్డు మీద అప్పటికే వేరేవాళ్ళ వంటలు నడుస్తున్నాయి, ఒక పక్క టీచర్లవి, ఒక పక్క లారీ డ్రైవర్లవి, అన్నీ కట్టెల పొయ్యిలే. మేం రాళ్ళు పేర్చి బొగ్గు పొయ్యిలు రాజేశాం. కాలనీ పెరళ్ళలో పండినవన్నీ, ఎవరిది ఏదో తెలియకుండా, ఒకే గంజులో పులుసుగా ఉడకడం మొదలైంది. ఖాలా కొంగు బిగించి వచ్చి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంది. "ఇంత చప్పగ తింటరా మీరు? మసాలా యేది?" అని అమ్మ మీద పోట్లాడి, ఇంటికి పరుగెత్తి తన మసాలా డబ్బా తెచ్చి కుమ్మరించింది.

అన్నం సగం ఉడికిందో లేదో ఆకాశం ఒక్కసారి నల్లబడింది. ఈదురుగాలి. టెంటు లేచిపోయింది. చినుకు కాదు, కుండపోత!

"గంజులు! గంజులు!" అని అందరూ ఒకటే అరుపులు. సమ్మె నినాదాలు రాసిన పెద్ద ఫ్లెక్సీని కొందరు కట్లు తెంచి లాక్కొచ్చారు. బాపు ఒక మూల, సంఘ పెద్ద ఒక మూల, మెకానిక్కు చాచా ఒక మూల పట్టుకొని మా పొయ్యిల మీద పందిరిలా లేపారు. నాలుగో మూల గాలికి టపటపా కొట్టుకుంటోంది. గేటు పక్కన చూరు కింద ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు, మమ్మల్ని కాపలా కాయడానికి వచ్చినవాడు.

"ఓ పోలీసు బిడ్డా! సూసుడేంది, జల్ది వచ్చి గీ మూల పట్టుకో!" అని కేకేసింది బాపమ్మ.

అతను అటూ ఇటూ చూశాడు. లాఠీ గోడకు ఆనించి పరుగెత్తుకొచ్చి మూల పట్టుకున్నాడు. మేము చప్పట్లు కొట్టాం. నీళ్ళు నిండి ఫ్లెక్సీ కడుపులా ఉబ్బింది. తమ్ముడు ఒక కర్రతో కిందినుంచి పొడిచాడు. ఆ నీళ్ళన్నీ జలపాతంలా వెళ్ళి సరిగ్గా అయ్యగారి నెత్తిన పడ్డాయి. ఆయన ముక్కు మీది కళ్ళద్దాలు కొట్టుకుపోయాయి. "స్తోత్రం" అన్నాడు ఆయన వాటి కోసం తడుముకుంటూ. నవ్వి నవ్వి మూలలు పట్టుకున్నవాళ్ళ చేతులు వణికాయి.

పక్కన కట్టెల పొయ్యిలు బుస్సుమని ఆరిపోయాయి. మా బొగ్గు ఆరలేదు. ఒకసారి రాజుకున్న బొగ్గు అంత తొందరగా ఆరదు. టీచర్లు తమ గంజును పరుగున తెచ్చి మా నిప్పుల మీద పెట్టారు. డ్రైవర్లు వాళ్ళ పప్పు తెచ్చారు. ఒకే ఫ్లెక్సీ కింద అందరి వంటా ఉడికింది. బాపమ్మ పొయ్యి ముందు కూర్చొని నిప్పు ఎగదోస్తుంటే ఆమె ముఖం ఎర్రగా మెరిసిపోతోంది.

వాన వెలిసింది. తడిసిన కోడిపిల్లల్లా అందరం రోడ్డు మీదే బారుగా కూర్చున్నాం. విస్తళ్ళు పడ్డాయి. నినాదాలకు గొంతు పోయిన కార్మిక సంఘం నాయకుడు ఒకాయన, "అయ్యా, ప్రార్థన జల్ది కానియ్యుండ్రి, గా వాసనకు పాణం గుంజుతాంది" అన్నాడు.

"నాది చిన్నదే. ముందుగాల మీరు తలా ఒక మాట చెప్పుండ్రి. ఎవరి దేవునికి వాళ్ళు" అన్నాడు అయ్యగారు, మా బాపమ్మ వైపు చూసి నవ్వుతూ. మా ఇంటి ఆట అందరికీ తెలిసిందే.

మొదట సిగ్గుపడ్డారు. తరువాత ఆపడం కష్టమైంది. "నా బిడ్డకు జెరం తగ్గింది" అన్నాడు ఒక డ్రైవరు. "అల్లా కా షుకర్ హై, నా మసాలా అయిపోలే" అంది ఖాలా. "నాకు ఇయ్యాల డ్యూటీ గిక్కడ పడ్డది" అన్నాడు కానిస్టేబుల్, అందరూ ఘొల్లుమన్నారు. మోరీ అవతలి బాలింత పిల్లను బాపమ్మ తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "పాలు పడ్డయి" అందామె తల వంచుకొని, బహుశా బాపమ్మ ఒక్కతికే వినబడేలా. నాకూ వినబడింది.

వరుస బాపు దగ్గరికి వచ్చింది.

బాపు తన చేతుల వైపు చూసుకున్నాడు. వానకు బొగ్గు మసి కరిగి గీతలు గీతలుగా ఉంది.

"సమ్మె మొదలైన కాన్నుంచి" అన్నాడు, "బాయిల ఒక్కడు సావలేదు. ఏ ఇంటికి గసొంటి కబురు రాలే. దానికి స్తోత్రం."

ఎవరూ నవ్వలేదు. ఫ్లెక్సీ అంచు నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు రాలుతున్న చప్పుడు. ఎదురు వరుసలో ఒక ముసలి కార్మికుడు తలకు చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూసి పక్కవాళ్ళూ విప్పారు. బాపమ్మ లేచింది. గంజులోంచి మొదటి గరిటె అన్నం, మొదటి గరిటె పులుసు తీసి బాపు విస్తట్లో వేసింది. చెయ్యి ఆయన తల మీద పెట్టి కాసేపు అట్లాగే ఉంచింది.

"తిను బిడ్డా" అంది.

అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. అన్నం అడుగంటింది, పులుసులో ఖాలా మసాలాకు నాలుక మండింది, ముద్ద ముద్దకూ బొగ్గు పొగ వాసన. మూడుసార్లు పెట్టించుకున్నాను. తడిసిన బట్టలు ఒంటి మీదే ఆరాయి. రేపు ఇంట్లో ఏం వండుతారో మా అమ్మకు తెలియదు. ఆ సంగతి ఆ పూట అమ్మకు గుర్తున్నట్టు కూడా లేదు, గట్టిగా పాడుకుంటూ గంజులు తోముతోంది.

సమ్మె ఆ తరువాత కొన్నాళ్ళకు ఆగింది. ఇంకొన్నేళ్ళకు రాష్ట్రం కూడా వచ్చింది. ఆ సంబరాలు చూసి, మిఠాయి తిని, ఆ తరువాతే కన్నుమూసింది బాపమ్మ. కాలనీని ఖాళీ చేయించినప్పుడు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఖాలా వాళ్ళు రామకృష్ణాపూర్ వెళ్ళారని విన్నాను.

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాగానే బాపుకు ఫోన్ చేశాను. రిటైరై, అమ్మతో కలిసి ఊళ్ళో ఉంటున్నాడు.

"బాపూ, సమ్మెల కోత పండుగ యాదికున్నదా?"

"లేకేంది! అయ్యగారి మీద నీళ్ళు పడ్డయి" అని నవ్వాడు. ఆ తరువాత, నాకు ఇన్నేళ్ళూ తెలియని సంగతి ఒకటి చెప్పాడు. సమ్మె అయిపోయి మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు, బాయి దిగే ముందు, ఆ షిఫ్టువాళ్ళలో ఒకడు ఉన్నట్టుండి అడిగాడట, "అన్నా, మీ అవ్వ ఆట ఆడుదామా?" అని. ఆ రోజు నుంచి రోజూ, తలలకు లైట్లు కట్టుకొని దిగబోయే ముందు ప్రతి ఒక్కరూ ఒక మాట చెప్పేవారట. మొక్కేటోళ్ళు, నమాజు చేసేటోళ్ళు, ఏదీ చెయ్యనోళ్ళు, అందరూ.

"ఏం చెప్పేటోళ్ళు బాపూ?"

"ఏముంటయి బిడ్డా. ఒకడు బర్రె ఈనిందనేటోడు. ఒకడు పొద్దుగాల పెండ్లాం తిట్టలేదనేటోడు. ఇంకొకడు, తిట్టింది, అంటే ఇంట్లనే ఉన్నది కద, దానికే అనేటోడు."

"ఇప్పటికి చెప్తున్నరా?"

"ఆ బాయి మూసిండ్రు కద" అన్నాడు బాపు. "ఆ మాటలకు నవ్వొచ్చేది. ఆ నవ్వుతోనే కిందికి దిగేటోళ్ళం."